డిగ్రీ చేతికొచ్చాక: మార్కెటింగ్ ఉద్యోగాలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల వైపు నుంచి వచ్చినవే. బీబీఏ, ఎంబీఏ చదివి మార్కెటింగ్‌లో అడుగుపెట్టాలనుకుంటున్న వాళ్లు రాసినవి. ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. లెక్కల్లో వాడిన అంకెలు చాలావరకు ఉదాహరణకు వేసుకున్నవే. కంపెనీని, ఊరిని బట్టి అవి మారతాయి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

ప్రశ్న: మహాత్మాగాంధీ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలో ఎంబీఏ మార్కెటింగ్ పూర్తిచేశాను. సబ్బులు, బిస్కెట్లు అమ్మే కంపెనీలో సేల్స్ ఆఫీసర్‌గా తీసుకుంటామన్నారు. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ తిరగాలట. చదివిందేమో బ్రాండింగ్, సెగ్మెంటేషన్ (కొనేవాళ్లను వర్గాలుగా విడదీసి చూడటం). చేయాల్సిందేమో కిరాణం దుకాణాల చుట్టూ తిరగడం. ‘దీనికి ఎంబీఏ ఎందుకు’ అని ఇంట్లో అంటున్నారు. చేరాలా, హైదరాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం దొరికేదాకా ఆగాలా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: చేరండి. ఆగితే కలిసొచ్చేదేమీ లేదు. బ్రాండ్ మేనేజర్ కుర్చీలో ఫ్రెషర్‌ను నేరుగా కూర్చోబెట్టే కంపెనీలు చాలా తక్కువ. హిందుస్థాన్ యూనిలీవర్ లాంటి సంస్థలు ఐఐఎంలలో ఎంచుకున్న ట్రైనీలను కూడా కొంతకాలం సేల్స్ ఫీల్డుకు, పల్లెలకు పంపుతాయి. దుకాణం ముందు నిలబడి, సేటు ఎందుకు వద్దంటున్నాడో వినని మనిషి ఆఫీసులో వేసే ప్లాన్ బజారులో నిలవదు. మీరు చదివిన సెగ్మెంటేషన్ దేవరకొండ తండాల్లో అయిదు రూపాయల ప్యాక్‌గా కనిపిస్తుంది. మిర్యాలగూడ వైపు వడ్ల పైసలు చేతికొచ్చిన నెలలో అదే కిలో ప్యాక్‌గా కనిపిస్తుంది.

పని ఎలా ఉంటుందో తెలిస్తే ఇంట్లో వాళ్లకు మీరే నచ్చజెప్పగలరు. పొద్దున తొమ్మిదింటికల్లా, కంపెనీ సరుకు కొని దుకాణాలకు అందించే డిస్ట్రిబ్యూటర్ గోదాముకు చేరుకోవాలి. నిన్న రాసిన బిల్లుల్లో ఏవి డెలివరీ కాలేదో, ఎందుకు కాలేదో చూడాలి. తర్వాత సేల్స్‌మ్యాన్‌తో కలిసి ఆ రోజు బీట్‌కు, అంటే ఆ రోజు తిరగాల్సిన దుకాణాల దారికి వెళ్లాలి. టౌన్ బీట్‌లో మామూలుగా రోజుకు 35 నుంచి 45 దుకాణాలు తిరుగుతారు. వెళ్లిన దుకాణాలను టోటల్ కాల్స్ అని, ఆర్డర్ ఇచ్చిన వాటిని ప్రొడక్టివ్ కాల్స్ అని అంటారు. 40 దుకాణాలు తిరిగి 24 బిల్లులు రాస్తే ప్రొడక్టివిటీ 60 శాతం. ఆ 24 బిల్లుల్లో ఒక్కోదానిలో రాసిన సరుకు రకాలను కూడితే 96 అయితే, బిల్లుకు నాలుగు లైన్లు (రకాలు) వచ్చినట్టు.

సాయంత్రం రిపోర్టులో అందరూ చూసేది మొత్తం అమ్మకం. మీరు ముందుగా ప్రొడక్టివ్ కాల్స్, లైన్లు చూడటం అలవాటు చేసుకోండి. నల్లగొండ ప్రకాశం బజారులో ఇద్దరు హోల్‌సేల్ వాళ్లు చెరో పెద్ద బిల్లు ఇస్తే ఆ రోజు టార్గెట్ దాటిపోతుంది. పదిహేను చిన్న దుకాణాల్లో మన సరుకు లేదన్న సంగతి ఆ రెండు బిల్లుల వెనక దాక్కుంటుంది. మూడు నెలలు ఇలా నడిస్తే ఆ దుకాణాల్లో మన అర వేరే కంపెనీకి పోతుంది, హోల్‌సేల్ సేటు మీ మీద రేటు బేరం మొదలుపెడతాడు.

దుకాణంలో నోరు తెరవకముందే అరల వైపు చూడాలి. మన సరుకు ఎంత ఉంది, ఏ సైజు అయిపోయింది, వెనక వరుసలో పాత తేదీ ప్యాకెట్లు ఉన్నాయా అన్నది కళ్లతోనే పట్టాలి. పాతవి ముందుకు జరిపి, కొత్తవి వెనక పెట్టాలి. ఇది మీరే చేతులతో చేయండి, సేటు మీ మాట వినడం అక్కడే మొదలవుతుంది. పోయిన నెల స్కీమ్‌లో ఆయనకు రావాల్సింది ఏదైనా ఆగి ఉంటే మీరే ముందు ప్రస్తావించాలి. ఉద్దెర బాకీ సంగతి కొత్త బిల్లు రాయకముందే ఎత్తాలి. రాశాక అడిగితే ‘వచ్చే వారం రెండూ కలిపి ఇస్తా’ అంటారు. ఆ మాట ఒకసారి ఒప్పుకుంటే ప్రతి వారం వింటారు.

వేళ కూడా ముఖ్యం. అంగడి (సంత) ఉన్న రోజు ఆ ఊరి దుకాణంలో గిరాకీ మీద గిరాకీ ఉంటుంది, మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. అంగడికి ఒకటి రెండు రోజుల ముందు వెళ్లండి, సేటు సరుకు నింపుకునేది అప్పుడే. పొద్దున పాలు, టిఫిన్ల రద్దీ తగ్గాక పదిన్నర నుంచి ఒంటిగంట దాకా మంచి సమయం.

ఈ ఉద్యోగంలో చేరినవాళ్లలో చాలామంది నేర్చుకోకుండా వదిలేసేది డిస్ట్రిబ్యూటర్ లెక్క. మా దృష్టిలో మీ ఎంబీఏ పనికొచ్చేది అన్నిటికన్నా అక్కడే. ఒక డిస్ట్రిబ్యూటర్ నెలకు 20 లక్షల అమ్మకం చేస్తున్నాడనుకుందాం. 5 శాతం మార్జిన్ అంటే లక్ష రూపాయలు. అందులో ఇద్దరు సేల్స్‌మ్యాన్ల జీతం 30,000, డెలివరీ బండి 25,000, హమాలీ, హెల్పర్ 12,000, గోదాము కిరాయి 6,000, కరెంటు, బిల్లింగ్ వగైరా 5,000. ఖర్చు 78,000 పోను మిగిలేది 22,000. ఇక పెట్టుబడి చూడండి. పదిహేను రోజుల స్టాక్ 10 లక్షలు, వారం ఉద్దెర సుమారు 5 లక్షలు, కంపెనీ నుంచి రావాల్సిన క్లెయిములు లక్ష, మొత్తం 16 లక్షలు. ఏడాదికి మిగిలే 2,64,000ను 16 లక్షలతో భాగిస్తే 16.5 శాతం రాబడి. ఇప్పుడు ఉద్దెర వారం నుంచి పదిహేను రోజులకు పాకితే పెట్టుబడి 21 లక్షలవుతుంది, రాబడి 12.6 శాతానికి పడిపోతుంది. అమ్మకం రూపాయి కూడా తగ్గలేదు. అయినా ఆయన ‘మీ ఏజెన్సీ నాకొద్దు’ అనడానికి సిద్ధంగా ఉంటాడు. ఈ లెక్క ఆయన ముందు కాగితం మీద వేసి, ఏ దుకాణాల్లో ఉద్దెర పేరుకుందో చూపించగలిగితే మిమ్మల్ని టార్గెట్ కోసం వచ్చిన మనిషిగా చూడరు.

ఎక్కువమంది దెబ్బతినేది నెలాఖరున. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే అమ్మకం ప్రైమరీ, డిస్ట్రిబ్యూటర్ నుంచి దుకాణాలకు వెళ్లేది సెకండరీ. టార్గెట్ సాధారణంగా ప్రైమరీ మీద ఉంటుంది కాబట్టి, 28వ తారీఖున అయిదారు లక్షల సరుకు గోదాములో దించేసి చేతులు దులుపుకుంటారు. దాన్నే డంపింగ్ అంటారు. బిస్కెట్ల లాంటి వాటికి గడువు కొద్ది నెలలే. గోదాములో రెండు నెలలు నలిగిన సరుకును దుకాణాలు తీసుకోవు. అది ఎక్స్‌పైరీ అవుతుంది, క్లెయిమ్ పెడతారు, కంపెనీ కోత పెడుతుంది, డిస్ట్రిబ్యూటర్ డబ్బు ఇరుక్కుంటుంది. మళ్లీ నెల ఆయన ఆర్డరే పెట్టడు. కాబట్టి ప్రతి వారం, మొదట్లో గోదాములో ఉన్న స్టాక్‌కు ప్రైమరీ కలిపి సెకండరీ తీసేసి, మిగిలింది ఎన్ని రోజులకు సరిపోతుందో రాసుకోండి. ఇరవై రోజులు దాటితే పై అధికారికి రాతపూర్వకంగా చెప్పండి. ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఏడాదిన్నర, రెండేళ్లు ఇలా పనిచేశాక ఏరియా సేల్స్ మేనేజర్ వైపు వెళ్లొచ్చు, లేదంటే ట్రేడ్ మార్కెటింగ్ (దుకాణాల్లో మన సరుకు అమ్మకం పెంచే పని), కీ అకౌంట్స్ (పెద్ద కొనుగోలుదారులను చూసే పని), బ్రాండ్ టీమ్‌కు మారొచ్చు. అప్పుడు మీ రెజ్యూమెలో ‘సేల్స్ చూశాను’ అన్న వాక్యం ఉంటే సరిపోదు. ఎన్ని దుకాణాలు కొత్తగా తెరిచారు, బిల్లుకు లైన్లు ఎంత నుంచి ఎంతకు పెరిగాయి, ఉద్దెర రోజులు ఎంత తగ్గాయి అన్నవి ఉండాలి. అందుకని చేరిన మొదటి నెల అంకెలను ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. తర్వాత అడిగితే కంపెనీ సిస్టమ్ నుంచి మీకు దొరకవు.

ఒక్క సందర్భంలో మాత్రం చేరొద్దు. జీతం లేకుండా కమీషన్ మాత్రమే ఇస్తామన్నా, అమ్ముడుపోని సరుకును మీ ఖాతాలో వేస్తామన్నా ఆ ఆఫర్ వదిలేయండి.

ప్రశ్న: ఆఫర్ లెటర్‌లో ఏడాదికి 4.2 లక్షలు అని ఉంది. నెలకు 35,000 వస్తుందనుకున్నాను. ముందు చేరిన సీనియర్ 25,000 కూడా కష్టమే అన్నాడు. ఎవరి మాట నిజం? సంతకం పెట్టేముందు ఏం చూడాలి?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మీ సీనియర్ మాటే నిజానికి దగ్గరగా ఉంది. 4.2 లక్షలు అనేది సీటీసీ, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. ఫీల్డ్ సేల్స్ ఆఫర్లలో అది తరచుగా ఇలా విడిపోతుంది. 60,000 ఇన్సెంటివ్, టార్గెట్ కొడితేనే వచ్చేది. కంపెనీ కట్టే పీఎఫ్ నెలకు 1,800 చొప్పున 21,600. బేసిక్ 15,000 అయితే, అందులో 4.81 శాతం గ్రాట్యుటీ పేరిట ఏడాదికి 8,658. గ్రూప్ ఇన్సూరెన్స్ 6,000 అనుకుందాం. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 3,23,742, నెలకు సుమారు 26,980. అందులోంచి మీ వంతు పీఎఫ్ 1,800, తెలంగాణలో నెల జీతం 20,000 దాటిన వాళ్లకు వృత్తిపన్ను 200 పోతాయి. ఖాతాలో పడేది దాదాపు 25,000. శాశ్వత ఉద్యోగి అయిదేళ్లు పూర్తిచేస్తేనే గ్రాట్యుటీ చేతికొస్తుందని గుర్తుపెట్టుకోండి.

జీతం కన్నా ఎక్కువ జాగ్రత్తగా చదవాల్సింది బండి అలవెన్సు. జడ్చర్ల, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ వరకు తిరిగే టెరిటరీలో రోజుకు వంద కిలోమీటర్లు పెద్ద దూరం కాదు. నెలకు 24 రోజులు అంటే 2,400 కిలోమీటర్లు. బండి లీటరుకు 45 ఇస్తే 53 లీటర్లకు పైనే కావాలి. లీటరు రూ.107 అనుకుంటే రూ.5,700. ఇంజన్ ఆయిల్, టైర్లు, సర్వీసింగ్‌కు కిలోమీటరుకు అర్ధ రూపాయి చొప్పున ఇంకో 1,200. కంపెనీ కిలోమీటరుకు 3 రూపాయలు ఇస్తే మీకు 7,200 వస్తుంది, ఖర్చు గట్టెక్కుతుంది. 2 రూపాయలే ఇస్తే నెలనెలా రెండు వేలు మీ జీతంలోంచి పెట్రోల్ బంకుకు పోయినట్టే. బిల్లులు ఏ తారీఖులోపు అప్‌లోడ్ చేయాలో, ఎన్ని రోజుల్లో డబ్బు వస్తుందో కూడా అడగండి. బండికి ఇన్సూరెన్స్ రెన్యూవల్ చేయించేటప్పుడు, నడిపే యజమానికి రూ.15 లక్షల ప్రమాద బీమా పాలసీలో ఉందో లేదో చూసుకోండి. రోజంతా రోడ్డు మీద ఉండే మనిషికి అది చాలా అవసరం.

ఇంకో మూడు విషయాలున్నాయి. ఒకటి, మీరు ఎవరి పేరోల్ మీద ఉంటారు? లోగో పెద్ద కంపెనీదే ఉంటుంది, అపాయింట్‌మెంట్ మాత్రం మ్యాన్‌పవర్ ఏజెన్సీ ఇస్తుంది. దానివల్ల తప్పేమీ లేదు, పీఎఫ్ సరిగ్గా కడుతున్నంతవరకు. కానీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఏ పేరు మీద వస్తుందో ముందే తెలియాలి. రెండు, నోటీస్ పీరియడ్. ప్రొబేషన్‌లో ఎంత, తర్వాత ఎంత అన్నది విడివిడిగా చూడండి. మూడు, ఒరిజినల్ సర్టిఫికెట్లు. చూపించి వెనక్కి తెచ్చుకోవాలి తప్ప ఎవరి దగ్గరా వదిలిపెట్టొద్దు. వాటిని పట్టుకుని ఉద్యోగం మానకుండా ఆపే చోట పనిచేయడం మంచిది కాదు.

ఉద్యోగం మారినప్పుడు పాత యూఏఎన్ నంబరునే (మీ పీఎఫ్ గుర్తింపు నంబరు) కొత్త కంపెనీకి ఇచ్చి పీఎఫ్ బదిలీ చేయించుకోండి. మధ్యలో తీసేసుకుంటే, అయిదేళ్ల సర్వీసు పూర్తికాకపోతే దాని మీద పన్ను పడుతుంది.

ప్రశ్న: ‘మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్’ ఉద్యోగమని పిలిచి హాల్లో కూర్చోబెట్టారు. ముందు రూ.15,000 కట్టి కిట్ తీసుకోవాలట. నా కింద ఇద్దరిని చేర్పిస్తే ఆదాయం మొదలవుతుందట. నా ఫ్రెండ్స్ ఇద్దరు కట్టేశారు.
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: కట్టకండి. అది ఉద్యోగం కాదు. ఒకటే ప్రశ్న వేసుకోండి. డబ్బు సరుకు కొనే బయటి గిరాకీ నుంచి వస్తోందా, కొత్తగా చేరేవాళ్ల జేబులోంచి వస్తోందా? రెండోదైతే కింద చేరేవాళ్లు ఆగిన రోజే మొత్తం కూలుతుంది, చివర చేరినవాళ్ల డబ్బు పోతుంది. వాళ్లు మీ స్నేహితులు, మీ బావమరుదులే అయి ఉంటారు. డైరెక్ట్ సెల్లింగ్‌పై 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం చేరడానికి ఫీజు వసూలు చేయకూడదు, పిరమిడ్ పథకాలు నిషిద్ధం. మనీ సర్క్యులేషన్ పథకాలను నిషేధించే 1978 చట్టం కింద ఇతరులను చేర్పించడం కూడా నేరమే. కాబట్టి రేపు కేసైతే ‘నేనూ మోసపోయాను’ అన్న ఒక్క మాట మిమ్మల్ని కాపాడకపోవచ్చు.

మీ ఫ్రెండ్స్ ఆన్‌లైన్‌లో కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, బ్యాంకుకు తెలియజేయించండి. రసీదులు, వాట్సాప్ మెసేజీలు చెరిపేయకుండా స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. ట్రైనింగ్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, యూనిఫాం చార్జీ అని ముందే అడిగే ఉద్యోగాలకూ ఇదే జవాబు.

ప్రశ్న: మాది గద్వాల దగ్గర పల్లె. నాన్న విత్తన పత్తి సాగు చేస్తారు. బీబీఏ అయిపోయింది. విత్తనాలు, పురుగుమందుల కంపెనీల్లో మార్కెటింగ్ ఉద్యోగం నాలాంటి వాళ్లకు వస్తుందా? అగ్రి డిగ్రీ లేకపోతే కష్టమా?
– ఒక పాఠకుడు, జోగులాంబ గద్వాల జిల్లా

జవాబు: వస్తుంది. పురుగుమందుల్లో పంట జబ్బులు గుర్తించి మందు చెప్పాల్సిన పోస్టులకు బీఎస్సీ అగ్రికల్చర్ వాళ్లను ముందు చూస్తారు. విత్తనాల్లో డీలర్లను, వసూళ్లను, రైతు మీటింగులను చూసే ఫీల్డ్ పోస్టులకు పల్లె తెలిసిన, పొలంలో నడవగలిగిన డిగ్రీ మనిషి కావాలి. మీకు ఒక అదనపు బలం ఉంది. మగ, ఆడ వరసలు, పూలు గిల్లి పరాగసంపర్కం చేయడం, ఆర్గనైజర్ (రైతుకు, కంపెనీకి మధ్యవర్తి) ద్వారా కంపెనీకి విత్తనం అప్పజెప్పడం మీరు ఇంట్లోనే చూశారు. ఇంటర్వ్యూలో దాన్ని వివరంగా చెప్పండి. అయితే అది ప్రొడక్షన్ వైపు సంగతి. మార్కెటింగ్ లెక్క వేరే.

పత్తి విత్తనంలో ముందు అర్థం చేసుకోవాల్సింది ధర. బీజీ-2 (బీటీ పత్తి విత్తనం) ప్యాకెట్ 475 గ్రాములు, గరిష్ఠ ధర కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2024-25లో రూ.864, 2025-26లో రూ.901. ఎవరి ప్యాకెట్ అయినా అంతకు మించి అమ్మకూడదు. కాబట్టి ధర పెంచి గొప్ప రకమని చూపించడం కుదరదు. రైతు నమ్మకం, డీలర్ మాట, పొలంలో కనిపించే కాయ, ఈ మూడింటి మీదే అమ్మకం నడుస్తుంది.

ఏడాది పని చక్రం ఇలా ఉంటుంది. ఏప్రిల్, మేలో డీలర్ల దగ్గర సరుకు పెట్టడం, దాన్ని ప్లేస్‌మెంట్ అంటారు. జూన్‌లో తొలకరి పడగానే అది రైతు చేతికి వెళ్లాలి. వానాకాలం ఆలస్యమైతే లేదా ఒక రకానికి చెడ్డపేరు వస్తే ప్యాకెట్లు తిరిగొస్తాయి. మేలో లక్షల్లో అమ్మకం చూపించి, ఆగస్టులో సగం రిటర్న్ తీసుకునేవాళ్లు ఈ రంగంలో ఎందరో. మంచి ఫీల్డ్ ఆఫీసర్ మేలోనే ప్రతి డీలర్ దగ్గర నిరుడు ఎంత అమ్ముడైంది, ఎంత తిరిగొచ్చింది చూసి, దానికి మించి పెట్టడు.

అసలు అమ్మకం తేలేది అక్టోబర్, నవంబర్‌లో, కాయ పగిలే వేళ. అందుకు విత్తేటప్పుడే రోడ్డు పక్కన అందరూ నడిచే చోట ఒక ఎకరం ఎంచుకోవాలి. సగం మన రకం, సగం ఆ రైతు ఎప్పుడూ వేసే రకం, ఒకే రోజు విత్తనం, ఒకే ఎరువు. చెట్టుకు ఎన్ని కాయలు, కాయ బరువు ఎంత, ఏరడానికి కూలీలు ఎలా ఉందంటున్నారు అన్నది నలభై యాభై మంది రైతుల ముందు లెక్కపెట్టించాలి. లెక్క మీరు చెప్పకూడదు, ఆ పొలం రైతుతో చెప్పించాలి. తేలిక చెల్క నేలకు ఇచ్చిన రకాన్ని నల్లరేగడిలో చూపించి అందరికీ అదే అమ్మితే మరుసటి ఏడు ఆ ఊళ్లో అడుగుపెట్టలేరు.

ఒక హెచ్చరిక. కలుపుమందును తట్టుకునే హెచ్‌టీ పత్తికి మన దేశంలో అనుమతి లేదు. లూజుగా, బిల్లు లేకుండా వచ్చే ఆ విత్తనం జోలికి వెళ్లొద్దు. డీలర్ బలవంతం చేసినా దూరంగా ఉండండి, పంట పోతే రైతుకు నష్టపరిహారం అడిగే దారి కూడా ఉండదు. పై చదువు సంగతికొస్తే, రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ నడిపే అగ్రి బిజినెస్ పీజీ డిప్లొమాకు వ్యవసాయ, అనుబంధ డిగ్రీలు కావాలి. మీకు మామూలు ఎంబీఏ, దాంతోపాటు రెండు సీజన్ల ఫీల్డ్ అనుభవం సరైన దారి.

ప్రశ్న: ఎంబీఏ చేశాను. ఫీల్డ్ ఉద్యోగమంటే మా అమ్మానాన్న భయపడుతున్నారు. డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకుందామంటే హైదరాబాద్ ఇన్‌స్టిట్యూట్ 60,000 అడుగుతోంది. మా ఇంట్లో మగ్గం ఉంది, నారాయణపేట చీరలు నేస్తాం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నారాయణపేట

జవాబు: అమ్మా, 60,000 ఇప్పుడే కట్టొద్దు. మొదటి మెట్టు ఉచితంగానే దొరుకుతుంది. గూగుల్ స్కిల్‌షాప్‌లో యాడ్స్ పాఠాలు, సర్టిఫికెట్ పరీక్షలు ఉన్నాయి. హబ్‌స్పాట్ అకాడమీలో కంటెంట్, ఈమెయిల్ కోర్సులున్నాయి. కేంద్ర ప్రభుత్వ స్వయం వేదికలో మార్కెటింగ్ పాఠాలున్నాయి. రోజుకు రెండు గంటలు పెడితే రెండు నెలల్లో పునాది పడుతుంది. ఇక ప్రాక్టీస్‌కు మీ ఇంట్లోనే సరుకుంది. చాలామంది విద్యార్థులకు లేనిది అదే.

వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టండి. పది చీరలు చాలు. ప్రతి చీరకూ నాలుగు ఫొటోలు తీయండి. మొత్తం చీర, అంచు దగ్గరగా, కొంగు, వెనక వైపు. పొద్దున తొమ్మిది పది గంటల మధ్య నీడలో తీయండి, ఫిల్టర్ వేయొద్దు. ఆన్‌లైన్‌లో చీర తిరిగిరావడానికి పెద్ద కారణం ఫొటోలో రంగు ఒకటి, చేతికొచ్చిన రంగు ఇంకొకటి కావడమే. పొడవు, జాకెట్ ముక్క ఉందా లేదా, మొదటిసారి ఉతికేటప్పుడు ఏం చేయాలో, కొరియర్ చార్జీతో సహా ధర ఎంతో కింద రాయండి. నారాయణపేట చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. పవర్‌లూమ్ నకళ్లు అదే పేరుతో సగం ధరకు తిరుగుతున్నాయి కాబట్టి మగ్గం మీద నేస్తున్న అర నిమిషం వీడియో మీ ధరకు సాక్ష్యం అవుతుంది.

ఇప్పుడు 3,000 రూపాయలు యాడ్‌కు పెట్టండి, రోజుకు 300 చొప్పున పది రోజులు. 60 మంది మెసేజ్ చేశారనుకోండి, ఒక్కో మెసేజ్ 50 రూపాయలు పడింది. ముగ్గురు కొంటే ఒక్కో అమ్మకానికి వెయ్యి. చీర మీద మిగిలేది 600 అయితే ప్రతి చీరకూ 400 నష్టం. ఇక్కడే చాలామంది ‘యాడ్స్ పనిచేయవు’ అని ఆపేస్తారు. మెసేజీలు మళ్లీ చదవండి. అరవైలో నలభై మంది ‘ధర ఎంత’ అని అడిగి మాయమై ఉంటారు. రెండో విడత యాడ్‌లో ధర ఫొటో మీదే వేయండి. మెసేజీలు నలభైకి తగ్గొచ్చు, కానీ కొనేవాళ్లు ఆరుగురైతే ఒక్కో అమ్మకానికి 500 పడి, చీరకు వంద మిగులుతుంది. మూడో విడతలో చూసేవాళ్లను మార్చండి. హైదరాబాద్, పుణే, బెంగళూరులో చేనేత ఇష్టపడే మహిళలకు మాత్రమే చూపించండి. ఒక్కో విడతలో ఒక్కటే మార్చాలి. ఫొటో, ధర, ఊరు అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మూడు విడతల అంకెలు, స్క్రీన్‌షాట్లు, మార్చినవి, మార్చిన కారణాలు ఆరు పేజీల ఫైలుగా చేయండి. ఏజెన్సీలో ఇంటర్వ్యూకు అది సర్టిఫికెట్ కన్నా ఎక్కువ మాట్లాడుతుంది. ఆ తర్వాత కూడా లోటు అనిపిస్తే ఇన్‌స్టిట్యూట్ గురించి ఆలోచించండి. అప్పుడు వాళ్లను అడగాల్సింది ఒకటుంది. నిజమైన ఖాతాలో, నిజమైన డబ్బుతో విద్యార్థి చేతే యాడ్ నడిపిస్తారా అని. లేదంటే ఆ ఫీజు అనవసరం.

అమ్మానాన్నలకు ఇంకో మాట చెప్పండి. ఫీల్డ్ అంటే పల్లెలు తిరగడం ఒక్కటే కాదు. సూపర్ మార్కెట్లతో లావాదేవీలు చూసే మోడర్న్ ట్రేడ్, మార్కెట్ రీసెర్చ్, కస్టమర్ రిలేషన్స్, ట్రేడ్ మార్కెటింగ్ ఉన్నాయి. ఊరు మారడం తప్పకపోవచ్చు, కానీ రోజూ బండి మీద వంద కిలోమీటర్లు ఉండదు.

ప్రశ్న: నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లాను. ‘ఈ పెన్ను అమ్మి చూపించు’ అన్నారు, తడబడ్డాను. ఇంగ్లిష్ కూడా అంతంత మాత్రం. ఎలా తయారవ్వాలి?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: పెన్ను గుణాలు చెప్పడం మొదలుపెట్టినవాళ్లే తడబడతారు. ముందు అడగండి. ‘సర్, మీరు రోజుకు ఎంత రాస్తారు? సంతకాలకా, నోట్స్‌కా? ఇప్పుడు వాడే దాంతో ఇబ్బంది ఏమైనా ఉందా?’ రెండు జవాబులు వచ్చాక వాటికి సరిపోయే ఒక్క గుణం చెప్పి, ‘ఒక బాక్సు రాయమంటారా?’ అని ఆర్డర్ అడగండి. ఆర్డర్ అడగకుండా ముగించడమే అక్కడ అసలు తప్పు.

అంతకన్నా బలమైనది ఇంటర్వ్యూకు ముందు చేసే పని. ఆ కంపెనీ సరుకు అమ్మే పదిహేను దుకాణాలకు వెళ్లండి. అయిదు మెయిన్ రోడ్డువి, అయిదు కాలనీలవి, అయిదు పక్క పల్లెలవి. సరుకు ఉందా, ఏ సైజు ఉంది, పక్కన ఎవరిది ఉంది, సేల్స్‌మ్యాన్ చివరగా ఎప్పుడొచ్చాడు అని అడిగి ఒక పేజీలో రాయండి. ‘పదిహేనులో తొమ్మిదింట ఉంది, పల్లెల్లో అయిదింటికి ఒక్కదాంట్లోనే ఉంది, రెండు చోట్ల స్కీమ్ రాలేదన్నారు’ అని చెబితే ఇంటర్వ్యూ చేసే మేనేజర్ కుర్చీలో ముందుకు జరిగి వింటాడు. ఈ మాటలకు పెద్ద ఇంగ్లిష్ అవసరం లేదు.

ఇంగ్లిష్ విషయంలో నల్లగొండ, సూర్యాపేట ఫీల్డ్ పనికి మాట్లాడే భాష తెలుగే, కొంత ఉర్దూ, హిందీ వస్తే ఇంకా మంచిది. రాయాల్సింది మాత్రం ఇంగ్లిష్‌లో. రోజువారీ రిపోర్టు, స్టాక్ సమస్యపై మెయిల్, సెలవు మెయిల్. ఈ మూడు రకాలనే రోజుకొకటి, ఆరు లైన్లకు మించకుండా రాయడం సాధన చేయండి. దాంతోపాటు ఎక్సెల్‌లో పివట్ టేబుల్, వీలుకప్, పర్సెంటేజీ లెక్కలు రావాలి. రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య సంస్థ టాస్క్ మీ కాలేజీలో శిక్షణ ఇస్తుంటే తప్పకుండా కూర్చోండి.

చివర్లో ‘మీకేమైనా అడగాలనుందా’ అంటే జీతం గురించి మొదలుపెట్టొద్దు. ‘ఈ టెరిటరీలో డిస్ట్రిబ్యూటర్లు ఎందరు, గత ఏడాదిలో ఎందరు మారారు? నాకు ముందు ఇక్కడ పనిచేసినవారు ఎక్కడికి వెళ్లారు?’ అని అడగండి. ప్రమోషన్ మీద వెళ్లారంటే సంతోషం. ఏడాదిలో ముగ్గురు మానేశారని తెలిస్తే, అక్కడ టార్గెట్ కన్నా బకాయిలే పెద్ద సమస్య అయి ఉండొచ్చు. అప్పుడు పాత బాకీలు మీ లెక్కలోకి రావని రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: బీబీఏ అయ్యింది. వెంటనే ఎంబీఏ చేయాలా, ఉద్యోగం చేశాకా?
– ఒక పాఠకురాలు, నాగర్‌కర్నూల్

జవాబు: ఇంటి పరిస్థితి ఒప్పుకుంటే ఒకటి రెండేళ్లు పనిచేసి వెళ్లండి. పాఠం సగం అక్కడే అర్థమవుతుంది, మంచి సంస్థలు అనుభవానికి విలువ కూడా ఇస్తాయి. ఆర్థికంగా ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడి, ఇప్పుడు ఆగితే మళ్లీ చదువు కుదరదనిపిస్తే మాత్రం ఆగొద్దు. ఎంబీఏ ప్రవేశ పరీక్ష టీజీ ఐసెట్ 200 మార్కులకు, రెండున్నర గంటలు ఉంటుంది. అనలిటికల్ 75, మ్యాథ్స్ 75, కమ్యూనికేషన్ 50. 2025లో దాన్ని నిర్వహించింది నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీయే. కమ్యూనికేషన్ విభాగం మీద ఎక్కువ సమయం పెట్టకుండా, అనలిటికల్‌లో డేటా సఫిషియెన్సీ, సిరీస్ ప్రశ్నలు రోజూ ముప్పై చొప్పున రెండు నెలలు చేయండి. కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనాలు చూడొద్దు. పోయిన ఏడాది మార్కెటింగ్ తీసుకున్నవాళ్లలో ముగ్గురి ఫోన్ నంబర్లు అడిగి, వాళ్లు ఇప్పుడు ఎక్కడ, ఏ పని చేస్తున్నారో కనుక్కోండి.